కంటికీ టచ్‌లైన్‌కీ మధ్య దూరం

(సిడ్నీ పడమటి శివార్లలో ఉంటున్న తెలుగువాళ్ళ సమావేశంలో ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే. పిల్లలు ఆ మూల ఆడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

ముందుగా ఒక ప్రశ్న. మూర్ పార్క్‌లో ఉన్న సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియం 1988లో కట్టింది. దాన్ని 2019లో పడగొట్టి, 2022 ఆగస్టులో కొత్తది తెరిచారు. ఖర్చు 82 కోట్ల 80 లక్షల డాలర్లు. పాతదాంట్లో సుమారు 45 వేల మంది పట్టేవాళ్ళు. మరి కొత్తదాంట్లో ఎంతమంది పడతారు? చెప్పండి. ఎవరో 60 వేలు అంటున్నారు. కాదండి, 42 వేల 500. ఇంత డబ్బు పెట్టి సీట్లు తగ్గించారు! ఎందుకు తగ్గించారు? డబ్బు వృథా చేశారా? ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం. స్టేడియం అనగానే మనం అడిగే మొదటి మాట "ఎంతమంది పడతారు?" అని. క్రికెట్‌కి ఆ లెక్క సరిపోతుంది. రగ్బీ లీగ్, రగ్బీ యూనియన్, సాకర్, ఈ మూడింటికీ ఆ లెక్క సరిపోదు. వీటికి అడగవలసింది వేరే ఉంది. కూర్చున్న మనిషి కంటికీ, మైదానం అంచున ఉన్న తెల్ల గీతకీ, అంటే టచ్‌లైన్‌కీ మధ్య ఎంత దూరం? ఇదీ అడగాలి.

కొలతలు చూద్దాం. ఎక్కువ లేవు, భయపడకండి. రగ్బీలో బంతిని చివరి గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, అంటే పాయింట్లు; ఆ గీతే ట్రై లైన్. రగ్బీ లీగ్ మైదానం ట్రై లైన్ నుంచి ట్రై లైన్‌కి 100 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. ఆ చివరా ఈ చివరా ఇన్‌గోల్ కోసం, అంటే ట్రై లైన్ వెనక బంతి ఆనించే చోటు కోసం, ఇంకో 6 నుంచి 11 మీటర్లు. అంతర్జాతీయ సాకర్ మ్యాచ్‌కి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. రగ్బీ యూనియన్ వెడల్పు 68 నుంచి 70. గమనించారా? మూడింటి వెడల్పూ దాదాపు ఒక్కటే. అందుకే ఒకే మైదానంలో శుక్రవారం లీగ్, ఆదివారం సాకర్ ఆడించగలుగుతున్నారు. గోల్‌పోస్టులు మారుస్తారు, పది పది మీటర్లకీ వేసిన లీగ్ గీతలూ అంకెలూ కడిగేస్తారు, కొత్త గీతలు వేస్తారు. గ్రౌండ్ సిబ్బందికి అది పెద్ద పనే, కానీ స్టాండ్లని కదపక్కర్లేదు.

ఇప్పుడు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ తీసుకోండి. అక్కడ మైదానం వెడల్పు సుమారు 140 మీటర్లు. దాని మధ్యలో 68 మీటర్ల లీగ్ మైదానం గీస్తే అటు 36 మీటర్లు, ఇటు 36 మీటర్లు ఖాళీ. గుండ్రటి పళ్ళెంలో మైసూర్‌పాక్ ముక్క పెట్టినట్టు! ఆ ఖాళీ దాటాక కదా మొదటి వరుస. వింగర్, అంటే అంచున పరిగెత్తే ఆటగాడు, మూలలోకి దూకి, ఒంటి చేత్తో బంతి నేలకి ఆనించాడా లేదా అన్నది మొదటి వరుసలో కూర్చున్నవాడు కూడా పెద్ద స్క్రీన్ వైపు తిరిగి చూసుకోవాలి. టిక్కెట్టు కొని వెళ్ళి స్క్రీన్ చూడటం ఎందుకండీ? ఇంట్లో టీవీ ఉంది కదా.

సిడ్నీలో ఈ కష్టం చాలా ఏళ్ళు పడ్డారు. 1987 దాకా లీగ్ గ్రాండ్ ఫైనల్ సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లోనే జరిగేది. 1965 ఫైనల్‌కి 78 వేల మందికి పైగా వచ్చారు, స్టాండ్ల కప్పుల మీదికెక్కి చూశారు. అభిమానానికి ఏమీ లోటు లేదు, చోటే తప్పు. 1987 ఫైనల్ అయిన మరుసటి ఏడాది, 1988లో, పక్కనే రెక్టాంగిల్ కోసం, అంటే దీర్ఘచతురస్రం మైదానం కోసం, ప్రత్యేకంగా ఫుట్‌బాల్ స్టేడియం వచ్చింది. పదకొండేళ్ళ పాటు ఫైనల్స్ అక్కడే. తర్వాత ఒలింపిక్స్ కోసం హోమ్‌బుష్‌లో స్టేడియం ఆస్ట్రేలియా కట్టారు. 1999 ఫైనల్‌కి అక్కడ 1 లక్షా 7 వేల 999 మంది. రికార్డే. కానీ అది పరుగు పందేల ట్రాక్ కోసం గీసిన స్టేడియం. ఒలింపిక్స్ అయ్యాక ట్రాక్ తీసేశారు, పైన రెండు చివరల ఉన్న అదనపు స్టాండ్లు విప్పేశారు, సుమారు 83 వేలకి తగ్గించారు. కింది స్టాండ్లు ముందుకీ వెనక్కీ జరిగే ఏర్పాటు చేశారు, లీగ్‌కి రెక్టాంగిల్‌గా, క్రికెట్‌కి ఓవల్‌గా మారేటట్టు. ఇంజనీరుగా ఆ పని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ప్రేక్షకుడిగా వెళ్తే మాత్రం నాకు అది అటూ ఇటూ కాని స్టేడియం. స్టాండు ముందుకు జరుగుతుంది సరే, దాని వాలు మారదు. పై అంతస్తు అసలు జరగదు. వాలు ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు చెప్తాను.

ముందు వరుసలో ఉన్న అన్నయ్యగారూ, మీరు ఒక్కసారి నిటారుగా కూర్చోండి. మీ వెనక కూర్చున్న అక్కగారు నా కాళ్ళు చూడాలనుకున్నారనుకోండి. ఆవిడ చూపు మీ తల దాటుకుని రావాలి. మీ కన్ను ఉన్న ఎత్తుకీ, ఆవిడ చూపు మిమ్మల్ని దాటే ఎత్తుకీ మధ్య తేడా ఎంత? దాన్ని స్టేడియం కట్టేవాళ్ళు సి-వాల్యూ అంటారు. 120 మిల్లీమీటర్లు ఉంటే తల మీదుగా హాయిగా కనబడుతుంది. 90 ఉంటే కాస్త మెడ ఎత్తి చూసుకోవచ్చు. 60 ఉంటే ఇద్దరి తలల మధ్య సందులోంచి చూడాలి. ఏమక్కా, ఇప్పుడు నా కాళ్ళు కనబడుతున్నాయా? లేదు కదా. ఈ హాల్లో నేల చదునుగా ఉంది, సి-వాల్యూ సున్నా.

అసలు విషయం ఇక్కడుంది. చూడవలసిన గీత దూరంగా ఉంటే, స్టాండు వాలు తక్కువైనా తల మీదుగా కనబడుతుంది. గీతని దగ్గరికి తెచ్చేకొద్దీ వాలు పెరగాలి, మెట్టు ఎత్తు పెరగాలి. అంటే ఓవల్ కోసం కట్టిన స్టాండుని ముందుకు లాగినంత మాత్రాన అది రెక్టాంగిల్ స్టాండు అయిపోదు. దగ్గరతనం కావాలంటే నిట్టనిలువుగా కట్టాలి. ఎంతవరకు? 34 డిగ్రీల దగ్గర ఆగాలి. అంతకు మించితే మెట్లు దిగేవాళ్ళకి ప్రమాదం. మన పారమట్టా స్టేడియం స్టాండ్లు 34 డిగ్రీలు. పై వరుసకి ఎక్కి కిందికి చూసినవాళ్ళకి తెలుసు, మొదటిసారి మోకాళ్ళు వణుకుతాయి. కూర్చున్నాక మాత్రం ఆట మన ఒళ్ళోనే జరుగుతున్నట్టుంటుంది. టాకిల్ చప్పుడు వినబడుతుంది. రెఫరీ అరుపు వినబడుతుంది. 34 డిగ్రీల వల్ల దొరికింది అదీ.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం పై అంతస్తు టిక్కెట్లు కొనకండి. ఆ మెట్లు పెద్దవాళ్ళ మోకాళ్ళకి కావు. కింది అంతస్తు తీసుకోండి.

పారమట్టా సంగతి కాస్త ఎక్కువసేపు చెప్తాను, అది మన ఊరు కాబట్టి. అక్కడ మొదట్లో కంబర్లాండ్ ఓవల్ ఉండేది. 1981లో మన పారమట్టా లీగ్ జట్టు ఈల్స్ మొట్టమొదటి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచిన రాత్రి అభిమానులు ఆ సంబరంలో పాత చెక్క స్టాండుకి నిప్పు పెట్టేశారు. ఆ చోటే 1986లో పారమట్టా స్టేడియం వచ్చింది, ఎలిజబెత్ రాణి వచ్చి తెరిచారు. ఆ ఏడాదే ఈల్స్ మళ్ళీ గెలిచారు. ఆ తర్వాత? ఆ తర్వాత ఈ మగవాళ్ళ టీమ్‌కి ప్రీమియర్‌షిప్ రాలేదు. ఈల్స్ జెర్సీ వేసుకొచ్చిన తమ్ముళ్ళు నన్ను క్షమించాలి, ఉన్నమాటే చెప్పాను.

2017లో దాన్నీ తీసేసి, 30 వేల సీట్లతో కొత్తది కట్టారు. ఖర్చు సుమారు 36 కోట్ల డాలర్లు. 2019 ఏప్రిల్ 22, ఈస్టర్ సోమవారం, మొదటి లీగ్ మ్యాచ్. ఈల్స్ 51, వెస్ట్స్ టైగర్స్ 6. ఇప్పుడు భాగహారం చేయండి. 36 కోట్లని 30 వేలతో భాగిస్తే ఒక్కో సీటుకి 12 వేల డాలర్లు. మూర్ పార్క్‌లో? 82 కోట్ల 80 లక్షలని 42 వేల 500తో భాగిస్తే దాదాపు 19 వేల 500. సీటుకి ఏడు వేలకి పైగా తేడా! రెండు స్టేడియాల్లోనూ ఆట దగ్గరగా కనబడుతుంది. రెండూ పక్కపక్కన లేవు, ఊరికి ఈ చివరొకటి ఆ చివరొకటి. ఆ లెక్కన నన్నడిగితే పారమట్టా లాంటిది ఇంకో రెండు కట్టినా నేను సమర్థిస్తాను.

ఇంకొక మంచి పని చేశారు అక్కడ. అక్కడ ఆడే సాకర్ జట్టు వాండరర్స్ అభిమానులు మ్యాచంతా నిలబడి పాడతారు, అది వాళ్ళ పద్ధతి. మామూలు సీట్లలో నిలబడితే ముందు సీటు మీద పడే ప్రమాదం. అందుకని ఉత్తరం వైపు ఒక భాగంలో సుమారు వెయ్యి స్థానాలకి సీటు మడిచి లాక్ చేసి, ముందు పట్టుకోవడానికి కడ్డీ ఉండేట్టు కట్టారు. సాకర్‌కి నిలబడతారు, లీగ్‌కి కూర్చుంటారు. అప్‌గ్రేడ్ అంటే ఇలా ఉండాలి. ఎవరు ఎలా చూస్తారో కనుక్కుని కట్టాలి.

మరి దీనికి మూల్యం ఎవరు చెల్లించారు? ఇది కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. స్టేడియం పక్కన 1959 నుంచీ ఉన్న స్విమ్మింగ్ పూల్‌ని 2017లో మూసేసి పడగొట్టారు. కొత్త ఆక్వాటిక్ సెంటర్ తెరిచింది 2023 సెప్టెంబరులో. ఆరేళ్ళు! ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే పారమట్టాలో ఆరేళ్ళు పబ్లిక్ పూల్ లేదు. పూల్ మూసిన ఏడాది పుట్టిన పిల్లవాడు బడిలో చేరిపోయాడు, వాడి ఊరికి పూల్ రాలేదు. స్టేడియం రెండేళ్ళలో లేచింది కదా, పూల్ ఎందుకు లేవలేదు? రెండూ ఒకే ప్లానులో, ఒకే గడువులో ఉండాలి. ముందు కొత్త పూల్ తెరిచి తర్వాత పాతది మూయాలి. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక రాజకీయం. కొంచెం త్వరగా చెప్పేస్తాను. 2017 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మూర్ పార్క్, హోమ్‌బుష్ రెండింటినీ పడగొట్టి కడతామంది. జనం ఊరుకోలేదు. 2018 మార్చిలో వెనక్కి తగ్గి, మూర్ పార్క్ కొత్తగా కడతాం, హోమ్‌బుష్‌ని రెక్టాంగిల్‌గా మారుస్తాం అంది. 2019 ఎన్నికల్లో స్టేడియాలు ముందా, బడులూ ఆసుపత్రులూ ముందా అన్నదే పెద్ద చర్చ. ప్రీమియర్, అంటే రాష్ట్ర ముఖ్యమంత్రి, బెరెజిక్లియన్ ప్రభుత్వమే మళ్ళీ గెలిచింది. 2020 మే నెలాఖరున కోవిడ్ కారణంగా హోమ్‌బుష్ పని రద్దు చేశారు, సుమారు 80 కోట్ల డాలర్ల పని. ఆ రద్దు సరైనదే అని నా అభిప్రాయం. 70, 80 వేల మంది వచ్చే రాత్రులు ఏడాదికి ఎన్ని? ఒరిజిన్ (న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్ల లీగ్ పోటీ), గ్రాండ్ ఫైనల్, పెద్ద కచేరీలు. మిగతా వారాల్లో 15 వేల మంది వచ్చారనుకోండి. పారమట్టాలో 15 వేల మంది అంటే సగం నిండిన స్టేడియం, పాట అందుకుంటే మోగుతుంది. అదే 15 వేల మంది హోమ్‌బుష్‌లో కూర్చుంటే అయిదు సీట్లలో నాలుగు ఖాళీ.

తర్వాత 2022లో ఇంకో గొడవ. శివారు గ్రౌండ్లు, అంటే లైకార్ట్, బ్రూక్‌వేల్, క్రోనల్లా లాంటివి, బాగుచేయడానికి డబ్బిస్తామన్న ప్రభుత్వం వరదల ఖర్చు మీద పడిందని ఆపేసింది. గ్రాండ్ ఫైనల్ బ్రిస్బేన్‌కి తీసుకుపోతామని రగ్బీ లీగ్ నడిపే సంస్థ ఎన్నారెల్ బెదిరించింది. చివరికి ఫైనల్ సిడ్నీలోనే జరిగింది. పెన్రిత్ 28, పారమట్టా 12. దాని గురించి ఇక మాట్లాడను.

ఆ శివారు గ్రౌండ్ల గురించి మాత్రం మాట్లాడతాను. లైకార్ట్ ఓవల్‌కి వెళ్ళారా ఎవరైనా? గడ్డి గట్టు మీద దుప్పటి వేసుకుని కుటుంబమంతా కూర్చుంటారు, పిల్లలు దొర్లుతుంటారు. ఎంత బాగుంటుందో! అది పోకూడదు. కానీ అదే గ్రౌండ్‌లో 2022 జులైలో బడిపిల్లల రగ్బీ మ్యాచ్ జరుగుతుంటే రెయిలింగ్ విరిగి కుర్రాళ్ళు కింద పడ్డారు. పాతదనం అందంగా ఉందని తుప్పుని ఉంచుకోలేం కదా. శివారు గ్రౌండ్‌కి 30 వేల సీట్లు అక్కర్లేదు. గట్టు ఉంచండి. రెయిలింగులు మార్చండి. ఆడవాళ్ళకి టాయిలెట్లు పెంచండి. వీల్‌చెయిర్ వాళ్ళు ఒక మూలకి నెట్టేసినట్టు కాకుండా తమవాళ్ళ పక్కనే కూర్చునే చోటివ్వండి. ముఖ్యంగా డ్రెస్సింగ్ రూములు.

డ్రెస్సింగ్ రూముల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఇక్కడ ఆడపిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. పాత గ్రౌండ్లలో ఉన్నవి రెండు గదులు, గోడకి వరుసగా యూరినల్స్, తలుపుల్లేని షవర్లు. మగవాళ్ళే ఆడతారనుకుని కట్టారు. ఆడవాళ్ళ ఎన్నారెల్ పోటీ 2018లో మొదలైంది. 2023లో ఆడవాళ్ళ సాకర్ వరల్డ్ కప్ ఫైనల్‌కి హోమ్‌బుష్‌లో 75 వేల 784 మంది కూర్చున్నారు. ఇప్పుడు ఒకే రోజు ముందు ఆడవాళ్ళ మ్యాచ్, వెనువెంటనే మగవాళ్ళ మ్యాచ్ పెడుతున్నారు. అంటే నాలుగు జట్లు, నాలుగు గదులు కావాలి, ప్రతి షవర్‌కీ తలుపుండాలి. ఇది పెద్ద స్టేడియాలకే కాదు, మన పిల్లలు శనివారం పొద్దున ఓజ్‌ట్యాగ్ (టాకిల్ లేని రగ్బీ), సాకర్ ఆడే కౌన్సిల్ గ్రౌండ్లకీ వర్తిస్తుంది. మ్యాచ్ అయ్యాక మీ అమ్మాయి కార్లో బట్టలు మార్చుకుంటోందా? అయితే మీ కౌన్సిలర్‌కి ఈమెయిల్ రాయండి. ఎవరూ రాయకపోతే ఎవరికీ అవసరం లేదనుకుంటారు.

బ్రిస్బేన్ గురించి రెండు మాటలు. లాంగ్ పార్క్‌ని 2003లో తిరిగి కట్టి తెరిచారు, 52 వేల 500 సీట్లు. నా లెక్కలో ఈ దేశంలో అన్నిటికన్నా మంచి రెక్టాంగిల్ అదే. స్టాండ్లు మీద పడుతున్నట్టుంటాయి, ఒరిజిన్ రాత్రి న్యూ సౌత్ వేల్స్ కుర్రాళ్ళకి చెవులు చిల్లులు పడతాయి. దానికన్నా నాకు నచ్చింది రవాణా. జనానికి కార్ పార్కింగ్ కట్టలేదు. మ్యాచ్ టిక్కెట్టే బస్సు టిక్కెట్టు, రైలు టిక్కెట్టు. మిల్టన్ స్టేషన్ పక్కనే. కార్లకి పెట్టే డబ్బూ చోటూ మనుషులకి పెట్టారు. మన పారమట్టాకి కూడా స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు, 2024 డిసెంబరు నుంచి లైట్ రైల్ కూడా ఉంది. ఆ నడకలో చర్చ్ స్ట్రీట్ హోటళ్ళు బతుకుతున్నాయి.

ఇప్పుడు పెన్రిత్ వంతు. పక్కనున్న పేస్‌వే, అంటే గుర్రప్పందేల ట్రాక్, స్థలంలో కొత్తది కడదామని మొదట అనుకుని, ఆ ఆలోచన వదిలేసి, ఉన్నచోటే 30 కోట్ల 90 లక్షల డాలర్లతో బాగుచేస్తున్నారు. అందుకే 2025లో పెన్రిత్ లీగ్ జట్టు పాంథర్స్ తమ హోమ్ మ్యాచ్‌లు చాలావరకు మన పారమట్టాలో ఆడారు. వరసగా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచిన జట్టుకి సొంతింటి పని జరుగుతోంది. తెరిచాక వెళ్ళినవాళ్ళు మూడు చూడండి. ఎక్కడ కూర్చున్నా దగ్గర టచ్‌లైన్ కనబడుతోందా? వాన పడితే మొదటి వరుస తడుస్తోందా? హాఫ్‌టైమ్‌లో ఆడవాళ్ళ టాయిలెట్ దగ్గర లైను ఎంతుంది? నేను మొదట అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇదే. మూర్ పార్క్ పాత స్టేడియం కప్పు వంపు తిరిగి చూడ్డానికి ఎంతో బాగుండేది, కింద చాలామంది తడిసిపోయేవాళ్ళు. కొత్తదాంట్లో ఆ కప్పు, ఆ గదులు, ఆ టాయిలెట్లు, ఆ వాలు వచ్చాయి, సీట్లు తగ్గాయి. ధర ఎక్కువైందని అంటాను. సీట్లు తగ్గించడం తప్పని మాత్రం అనను.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. హైదరాబాద్‌లో ఏం చేయాలి అని అడుగుతోంది. మంచి ప్రశ్న. 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీమ్ సాబే కదా, ఆ ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం ఉంది, అక్కడ ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్, మ్యాచ్‌లు జరిగాయి. కానీ అది అథ్లెటిక్స్ స్టేడియం. 400 మీటర్ల ట్రాక్ లోపలి పొడవు 157 మీటర్లు, వెడల్పు 73. సాకర్ మైదానం మధ్యలో వేస్తే పక్కలకి ట్రాక్‌తో కలిపి ఓ 12 మీటర్ల దూరం, అది సర్దుకోవచ్చు. గోల్ వెనక మాత్రం 36 మీటర్లు! గట్టిగా అరిచే అభిమానులు కూర్చునేది గోల్ వెనకే. రగ్బీ లీగ్ అయితే ఇంకా కష్టం, ఇన్‌గోల్ కలుపుకుంటే నాలుగు మూలలూ ట్రాక్ మీదికి వచ్చేస్తాయి, ట్రైలు ఎక్కువ పడేది ఆ మూలల్లోనే. అందుకని ఆ ట్రాక్‌ని చెడగొట్టొద్దు, అథ్లెట్లకి అది కావాలి. సాకర్‌కీ రగ్బీకీ వేరే చోట, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, 12 వేలో 15 వేలో సీట్లతో ఒక రెక్టాంగిల్ కడితే చాలు. ముందు ఒక పక్క స్టాండు కట్టొచ్చు, మిగతా మూడు వైపులా మట్టి గట్టు పోసి ఉంచొచ్చు, డబ్బు చేతికొచ్చినప్పుడు ఒక్కోటీ కట్టుకుంటూ పోవచ్చు. మైదానం ఉత్తర దక్షిణాలుగా వేయమనండి, సాయంత్రం ఎండ గోల్‌కీపర్ కళ్ళలో పడకుండా. మొదటి స్టాండు పడమటి వైపు కట్టమనండి, కూర్చున్నవాళ్ళ వీపుకి ఎండ ఉంటుంది.